లివర్ జబ్బు ఉన్నవారి మెదడు ఎంఆర్‌ఐలో కనిపించే ఆ తెల్లదనం ఏమిటి?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా తిరిగి చెబుతాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. నాన్నగారికి 58 ఏళ్లు, పాలకొల్లు దగ్గరి ఊరు. మూడేళ్ల క్రితం సిరోసిస్, అంటే లివర్ గట్టిపడే జబ్బు, అని తేలింది, అప్పటి నుంచి మద్యం ముట్టలేదు. పొట్టలో నీరు చేరుతుంటే మాత్రలు వాడుతున్నారు. నెల రోజులుగా పగలంతా కునుకు, రాత్రంతా ఇంట్లో తిరుగుడు. పోయిన వారం చేపల చెరువు నుంచి వస్తూ, 40 ఏళ్లుగా నడిచిన కాలవ గట్టు మీదే దారి తప్పారు. ఎంఆర్‌ఐ తీయిస్తే ‘గ్లోబస్ పాలిడస్‌లో రెండు వైపులా సమానంగా టీ1 సిగ్నల్ హెచ్చుగా ఉంది’ అని రిపోర్టు వచ్చింది. ఒకరు పక్షవాతానికి ముందస్తు సూచన అన్నారు, ఇంకొకరు పార్కిన్సన్స్ అన్నారు. ఇది ఏమిటి, పోతుందా, బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి మళ్లీ తీయించాలా అని మీ ప్రశ్నలు.

పక్షవాతం కాదు, మెదడులో గడ్డ కూడా కాదు. ఆ మాట వరకు నిశ్చింతగా ఉండండి. కాంట్రాస్ట్ దీనికోసం అక్కర్లేదు. పైగా సిరోసిస్‌లో మూత్రపిండాలు నీరసించి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, అవసరం లేని మందు ఎక్కించకపోవడమే మంచిది. ‘పోతుందా’ అన్నదానికి కొంచెం పొడుగు జవాబు ఉంది. ఎందుకంటే తెల్లదనం ఒకటి, తికమక ఇంకొకటి. మీరు రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు. మీరే కాదు, చాలామంది అలాగే అనుకుంటారు.

నేను గోదావరి జిల్లాల్లో 28 ఏళ్లుగా స్కాన్లు చదువుతున్న రేడియాలజిస్టుని. టీ1 అనేది ఎంఆర్‌ఐ బొమ్మ తీసే పద్ధతుల్లో ఒకటి. అందులో మెదడును నడిమికి అడ్డంగా కోసినట్టు చూస్తే, మధ్య గీతకు అటూ ఇటూ రెండు ముక్కలు ఎదురెదురుగా ఉంటాయి. అవే గ్లోబస్ పాలిడస్. మామూలు మనిషిలో అవి చుట్టూ ఉన్న బూడిద రంగులో కలిసిపోయి, వెతుక్కుంటే గాని దొరకవు. మీ నాన్నగారి వంటివారిలో, మోరి జీడిపప్పు బద్దలు రెండు బూడిదలో పెట్టినట్టు తెల్లగా పైకి తేలతాయి. అదే చోటును టీ2 పద్ధతిలో చూడండి, సాధారణంగా అక్కడ ఏమీ ఉండదు. సీటీ స్కాన్‌లో అసలే కనిపించదు.

వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఇలాంటివి రెండు మూడు చూసి ‘కాల్షియం పేరుకుని ఉండవచ్చు’ అని రాసిన ఘనత నాకుంది. ఒక పెద్ద డాక్టరుగారు ఏమీ అనకుండా, అదే రోగికి సీటీ తీయించి ఫిల్ము తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లారు. కాల్షియం అయితే సీటీలో దీపంలా వెలగాలి. అక్కడ ఏ వెలుగూ లేదు. ఆ రోజు నుంచి ఈ బొమ్మ కనబడితే మొదట అడిగే ప్రశ్న ‘లివర్ ఎలా ఉంది?’ అనే.

ఆ తెల్లదనానికి కారణం మాంగనీస్. విజయనగరం జిల్లాలో గరివిడి వైపు గనుల్లో తవ్వుతారే, ఆ లోహమే. మనం తినే బియ్యం, పప్పులు, ఆకుకూరలు, తాగే టీ, అన్నింటిలోనూ కాస్త కాస్త ఉంటుంది. శరీరానికి కావలసింది చిటికెడే. మిగిలినదాన్ని లివర్ పైత్యరసంలో కలిపి మలంలోకి తోసేస్తుంది. మూత్రంలో పోయేది నామమాత్రం. అంటే దీనికి బయటకు పోయే గుమ్మం దాదాపు ఒక్కటే. ఆ గుమ్మం మూసుకుపోతే రక్తంలో మిగిలిపోయి, మెదడులో తనకు ఇష్టమైన చోట, అంటే గ్లోబస్ పాలిడస్‌లో, చేరి కూర్చుంటుంది. మాంగనీస్‌కు అయస్కాంత స్వభావం ఉంది కాబట్టి టీ1లో అది తెల్లగా మెరుస్తుంది. సిరోసిస్‌తో చనిపోయినవారి మెదడును పరీక్షించినప్పుడు ఆ భాగంలో మాంగనీస్ మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువగా ఉన్నట్టు తేలింది.

గుమ్మం ఎలా మూసుకుపోతుందో డెల్టా మనుషులకు చెప్పడం తేలిక. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన బతుకంతా కాలవలూ లాకులే కదా. లాకు తలుపులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి, పై నుంచి నీరు వస్తూనే ఉంది అనుకోండి. నీరు వెనక్కి వెళ్లదు. గట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ గండి కొట్టి, బోదెల్లోంచీ మురుగు కాలవల్లోంచీ దారి చేసుకుని దిగువకు పోతుంది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర అనే పెద్ద కాలవలో లివర్‌కు చేరి, అక్కడ శుభ్రపడి గుండెకు వెళ్లాలి. లివర్ గట్టిపడితే ఆ రక్తం లోపలికి దూరలేక పక్కదారులు పడుతుంది. కొందరిలో అన్నవాహిక చుట్టూ సిరలు ఉబ్బుతాయి, రక్తపు వాంతులకు కారణం అవే. కొందరిలో ప్లీహం దగ్గర నుంచి ఎడమ మూత్రపిండం సిరలోకి వేలు లావున కొత్త కాలవ ఏర్పడుతుంది. ఆ దారిన వెళ్లే రక్తం లివర్ ముఖం చూడకుండానే ఒళ్లంతా, మెదడంతా తిరుగుతుంది.

కాబట్టి ఆ జీడిపప్పు బద్దలు చెప్పేది ఒక్కటే: రక్తం దారి మళ్లింది, మళ్లి చాలా కాలమే అయింది. మనిషి ఈ రోజు ఎంత తికమకగా ఉన్నాడో అవి చెప్పవు.

కోనసీమలో ఒక కొబ్బరి వ్యాపారి ఉండేవారు. స్కాన్‌లో బద్దలు రెండూ స్పష్టంగా ఉన్నాయి. నాతో పావుగంట మాట్లాడారు, ఏ లోటూ కనిపించలేదు, కొబ్బరి ధర ఎందుకు పడిపోయిందో నాకే పాఠం చెప్పారు. ఆయన వెళ్లాక భార్య వెనక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ‘లాభం, రెండు, మూడు అని లెక్క మొదలుపెడితే వెయ్యి కాయలకైనా తడబడని మనిషండీ. ఇప్పుడు డెబ్బై దాటాక మళ్లీ అరవై అంటున్నారు. కూలీలు నవ్వుకుంటున్నారు.’ ఆమె చెప్పింది ఏ స్కాన్ చెప్పలేని సంగతి. చికిత్స మొదలైంది. మూడు నెలలకు లెక్క కుదిరింది, కూలీల నవ్వులు ఆగిపోయాయి. వేరే కారణంగా అప్పుడే మళ్లీ ఎంఆర్‌ఐ తీయవలసి వచ్చింది. బద్దలు అలాగే ఉన్నాయి, వీసమెత్తు తగ్గలేదు.

తికమకకు ప్రధాన కారణం అమ్మోనియా. పేగుల్లో బ్యాక్టీరియా మాంసకృత్తులను విరగ్గొట్టినప్పుడు పుడుతుంది. లివర్ దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపాలి. ఆ పని జరగక మెదడుకు చేరిన అమ్మోనియాను అక్కడి ఆస్ట్రోసైట్లు అనే కణాలు మింగి గ్లుటమిన్‌గా మారుస్తాయి. గ్లుటమిన్ నీటిని లాక్కుంటుంది, కణం ఉబ్బుతుంది. ఉబ్బి పగిలిపోకుండా, పడవలో నీరు చేరితే సరుకు బయటకు విసిరినట్టు, కణం తనలోని మయోఇనోసిటాల్ అనే పదార్థాన్ని బయటకు వదిలేస్తుంది. అదే ఎంఆర్‌ఐ యంత్రంలో స్పెక్ట్రోస్కోపీ, అంటే మెదడులోని రసాయనాలను కొలిచే పరీక్ష, చేస్తే ఈ తంతు గీతల్లో కనిపిస్తుంది: గ్లుటమిన్, గ్లుటమేట్ శిఖరం లేస్తుంది, మయోఇనోసిటాల్, కోలిన్ శిఖరాలు కుంగుతాయి. నాకు చాలా ఇష్టమైన బొమ్మ అది. అయినా మీ నాన్నగారికి దానికోసం డబ్బు ఖర్చు పెట్టమని చెప్పను. దానివల్ల వైద్యం మారదు.

అలాగైతే మెదడుకు స్కాన్ ఎందుకు అంటారా? తికమకకు వేరే కారణం లేదని తేల్చుకోవడానికి. నేను భయపడేది ఆ తెల్లదనానికి కాదు, దాన్ని చూసి మిగతాది చూడకపోవడానికి. అంతర్వేది వైపు నుంచి ఒకాయన వచ్చారు. ఇంతకుముందు మూడుసార్లు ఇలాగే మందకొడిగా అయి, విరేచనం చేయించే లాక్టులోజ్ సిరప్‌తో తేరుకున్న మనిషి. నాలుగోసారి కూడా అదేననుకుని ఇంట్లోవాళ్లు రెండు రోజులు సిరప్ పోస్తూ కూర్చున్నారు. సీటీలో పుర్రెకూ మెదడుకూ మధ్య నెలవంకలా రక్తం. పదిహేను రోజుల క్రితం స్నానాల గదిలో జారారట, దెబ్బ చిన్నదని ఎవరికీ చెప్పలేదు. సిరోసిస్‌లో ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటాయి, రక్తం గడ్డకట్టే తీరు చెడి ఉంటుంది. చాలాకాలం తాగినవారి మెదడు కొంత కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి చిన్న కుదుపుకే పైనున్న సిర తెగుతుంది. ఆయనకు సమయానికి ఆపరేషన్ జరిగింది, బతికారు. నాన్నగారు ఈ మధ్య ఎక్కడైనా పడ్డారేమో నిదానంగా అడగండి. ఆయనకు గుర్తు లేకపోవచ్చు, ఇంట్లో మిగతావారిని కూడా అడగండి. మీ రిపోర్టులో రక్తం ప్రస్తావన లేదు కాబట్టి ప్రస్తుతానికి ఆ బెంగ లేదు.

రేడియాలజిస్టు కన్ను ఇంకా కొన్నింటిని వెతుకుతుంది. తాగుడు ఎక్కువై తిండి మానేసినవారిలో బి1 విటమిన్ తగ్గి, మెదడు మధ్యలో ఉండే థాలమస్ లోపలి అంచులు మెరుస్తాయి. వారికి గ్లూకోజ్ పెట్టేముందే బి1 ఇంజెక్షన్ పడాలి. రక్తంలో సోడియం బాగా పడిపోయినప్పుడు దాన్ని ఆత్రంగా పెంచితే మెదడు కాండంలో పాన్స్ అనే భాగం దెబ్బతింటుంది. అందుకే ఇటువంటి రోగుల్లో 24 గంటల్లో లీటరుకు 8 మిల్లీమోల్స్ మించి పెంచరు. కుర్రవాళ్లలో లివర్ జబ్బు, వణుకు కలిసి వస్తే రాగి పేరుకునే విల్సన్ జబ్బును అనుమానించాలి. అందులో మెదడు కాండం పై భాగమైన మిడ్‌బ్రెయిన్ బొమ్మ పాండా ముఖంలా ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు, ఊహ కాస్త ఉంటే కనిపిస్తుంది. అమ్మోనియా ఒక్కసారిగా విపరీతంగా పెరిగితే మెదడు పైపొర, ముఖ్యంగా ఇన్సులా, సింగ్యులేట్ భాగాలు రెండు వైపులా వాస్తాయి, అది ప్రమాదకరం. మీ రిపోర్టులో ఇవేవీ లేవు. లివర్ బాగున్నా బద్దలు తెల్లబడే సందర్భాలూ కొన్ని ఉన్నాయి: నెలల తరబడి నరంలోంచే ఆహారం ఎక్కించుకున్నవారు, వెల్డింగ్ పొగ ఏళ్లపాటు పీల్చినవారు, కొన్ని రకాల ఎంఆర్‌ఐ కాంట్రాస్ట్ చాలాసార్లు ఎక్కించుకున్నవారు. నాన్నగారికి సిరోసిస్ తెలిసిన విషయమే కాబట్టి అంత దూరం వెళ్లనక్కర్లేదు.

పార్కిన్సన్స్ అన్నవారు పూర్తిగా గాలిలో మాట్లాడలేదని కూడా చెప్పాలి. మాంగనీస్ పొడి నూరే కార్మికులు నడక తూలి, ముఖం బిగుసుకుపోవడాన్ని గ్లాస్గోలో జేమ్స్ కూపర్ అనే వైద్యుడు 1837లోనే రాశాడు. సిరోసిస్ రోగుల్లో కొద్దిమందికి అలాగే నడక నెమ్మదించి, మాట మెత్తబడి, చేతులు బిగుసుకుంటాయి. అది పగలు నిద్ర, రాత్రి మెలకువలాగా వచ్చిపోయేది కాదు, నెలల మీద నిలిచిపోయేది. మీరు రాసినదాంట్లో నడక గురించి ఏమీ లేదు. ఉంటే న్యూరాలజిస్టుకు చూపించండి.

ఇక అసలు పని. లివర్ చాలాకాలంగా ఇలాగే ఉన్నప్పుడు ఈ నెలలోనే తికమక ఎందుకు మొదలైంది? దాదాపు ప్రతిసారీ ఏదో ఒకటి నిప్పు పెడుతుంది, దాన్ని పట్టుకోవాలి. మలబద్ధకం అన్నిటికన్నా మామూలుది. నీరు పోయే మాత్రలు ఎక్కువై ఒంట్లో నీరు, లవణాలు తగ్గడం రెండోది. పొట్టలోని నీటికి ఇన్ఫెక్షన్ సోకడం, పేగుల్లో నెమ్మదిగా రక్తం కారి మలం తారులా నల్లబడటం, ఈ రెండూ ఇంట్లో కూర్చుని చూసుకునేవి కావు. ఇంకొకటి ఉంది, దానికి నా మనసు ఎప్పుడూ చివుక్కుమంటుంది. రాత్రి నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చి వేస్తారు. ఆ నిద్ర పట్టకపోవడమే జబ్బు లక్షణం. మాత్రతో మనిషి ఇంకా లోతుకు జారిపోతాడు. ఇచ్చి ఉంటే ఈ రోజే ఆపి, డాక్టరుకు ఆ పేరు చెప్పండి.

లాక్టులోజ్ సిరప్ ఇప్పటికే రాసి ఉంటారు. సాధారణంగా 15 నుంచి 30 మిల్లీలీటర్లు, రోజుకు రెండు మూడు సార్లు. అయితే దీని మోతాదును కొలిచేది చెంచా కాదు, విరేచనాల సంఖ్య. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా అవ్వాలి. ఒక్కసారే అయితే చాలదు, ఆరేడు అయితే ఒంట్లో నీరు పోయి మళ్లీ తికమకే వస్తుంది. తియ్యగా ఉందనీ, కడుపు ఉబ్బుతుందనీ రోగులు మానేస్తారు. వేశానని చెప్పి వేసుకోరు కూడా. సీసాలో మట్టం చూస్తుండండి. మళ్లీ మళ్లీ వస్తుంటే దానికి తోడుగా పేగుల్లోని బ్యాక్టీరియా మీద పనిచేసే రిఫాక్సిమిన్ మాత్ర ఇస్తారు.

పప్పు, చేప మాన్పించారా? మాన్పించి ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. ఈ పథ్యం వెనుక పాత కథ ఉంది. 1877లో నికొలాయ్ ఎక్ అనే రష్యన్ వైద్యుడు కుక్కల్లో పోర్టల్ సిరను నేరుగా పెద్ద సిరకు కలిపి కుట్టాడు. 1893లో పావ్లోవ్ బృందం అలాంటి కుక్కలకు మాంసం పెడితే పిచ్చిగా ప్రవర్తించి స్పృహ తప్పుతున్నాయని రాసింది. అప్పటి నుంచి లివర్ రోగికి మాంసకృత్తులు విషం అన్న భయం స్థిరపడిపోయింది. ఇప్పటి లెక్క వేరు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఎందుకంటే లివర్ చేతులెత్తేశాక అమ్మోనియాను పట్టేది కండరమే, పథ్యం పేరుతో కండ కరిగితే ఆ ఆసరా కూడా పోతుంది. పప్పు, పెరుగు, గుడ్డు, తాజా చేప పెట్టండి. ఎండు చేపలు, ఊరగాయ, అప్పడాలు మాత్రం వద్దు, అభ్యంతరం ఉప్పుకే. రాత్రి పడుకునేముందు తప్పక ఏదైనా తినిపించండి, పాలలో అటుకులైనా సరే. చెడిన లివర్ చక్కెరను గ్లైకోజెన్‌గా నిల్వ పెట్టుకోలేదు కాబట్టి ఎనిమిది తొమ్మిది గంటల ఖాళీ కడుపు కండను తినేస్తుంది.

మన వైపు మాత్రమే చెప్పవలసిన జాగ్రత్త ఇంకొకటి: కొబ్బరినీళ్లు. లివర్‌కు చల్లదనమని రోజుకు నాలుగు బోండాలు తాగించే ఇళ్లు నాకు తెలుసు. వాటిలో పొటాషియం చాలా ఎక్కువ. పొట్టలో నీటికి ఇచ్చే స్పైరోనోలాక్టోన్ కూడా పొటాషియాన్ని పెంచేదే. రెండూ కలిస్తే గుండె లయ తప్పవచ్చు. రక్తపరీక్షలో పొటాషియం చూడకుండా ఇవ్వకండి. కామెర్ల పసరు మందు సంగతి మీరు ఎత్తలేదు, ఎవరైనా పోయిస్తామంటే ఒప్పుకోకండి. అందులో ఏ ఆకులు పడ్డాయో పోసేవారు చెప్పరు, చెడిన లివర్ దాన్ని భరించలేదు.

రక్తంలో అమ్మోనియా పరీక్ష చేయించమంటే ఒక్క విషయం చూడండి. రక్తం తీసిన వెంటనే ఐస్‌లో పెట్టి, త్వరగా పరీక్షించాలి. మోటారు సైకిల్ మీద పక్క ఊరి ల్యాబుకు మధ్యాహ్నం ఎండలో వెళ్లిన రక్తంలో అంకె పెరిగే ఉంటుంది. అంకె ఎక్కువ వచ్చినంత మాత్రాన రోగం నిర్ధారణ కాదు. తికమక ఉండి అంకె మామూలుగా ఉంటే మాత్రం వేరే కారణం వెతకమని అర్థం.

ఇంట్లో ఒక పని చేయండి. ఒక నోటుబుక్కులో రోజూ ఉదయం ఆయన చేత సంతకం, తేదీ రాయించండి, ఐదు కోణాల నక్షత్రం ఒకటి గీయించండి. సంతకం వంకర పోవడం, నక్షత్రం గీతలు కలవకపోవడం మనిషి మాటలో తేడా రాకముందే కనిపిస్తుంది. చేతులు ముందుకు చాచి, ఆగమన్నట్టు అరచేతులు పైకెత్తి పట్టుకోమనండి. ఉండుండి పట్టు జారినట్టు చేతులు కిందికి వాలి మళ్లీ లేస్తుంటే ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి. జ్వరం, కడుపు నొప్పి, నల్లటి మలం, రక్తపు వాంతి ఉన్నా, లేపితే సరిగా లేవకపోయినా తెల్లవారే దాకా ఆగకుండా పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి. మగతగా ఉన్న మనిషి నోట్లో సిరప్ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మోటారు సైకిల్ తాళాలు ఆయనకు దొరకకుండా దాచండి. తిట్లు పడతాయి, పడండి. ఆ గట్టుకు ఒక పక్క కాలవ, ఇంకో పక్క చెరువు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. తికమక చాలావరకు తగ్గేదే, సరైన మందులతో కొన్ని రోజుల్లోనే తేడా చూస్తారు. పదే పదే వస్తే మాత్రం చురుకుదనంలో కొంత లోటు మిగిలిపోవచ్చు. తెల్లదనం మందులతో పోదు. లివర్ మార్పిడి జరిగినవారిలో స్పెక్ట్రోస్కోపీ గీతలు ముందు సర్దుకుంటాయి, బద్దల తెలుపు ఆ తర్వాత నెలల మీద వెలిసిపోతూ, కొందరిలో ఏడాది కూడా తీసుకుని, మాయమవుతుంది.

ఆ తెల్లదనాన్ని ఒక్క చోట పనికి తెచ్చుకోవచ్చు. మందులు సరిగ్గా వేసినా, ఏ కారణం దొరకకపోయినా తికమక తిరిగి తిరిగి వస్తుంటే, అదే సమయంలో లివర్ రక్తపరీక్షలు మరీ అధ్వాన్నంగా లేకపోతే, పొట్టలో ఒక పెద్ద పక్కదారి ఉందేమో చూడాలి. దానికి కాంట్రాస్ట్‌తో పొట్ట సీటీ తీస్తారు, మూత్రపిండాల స్థితి చూసుకున్న తర్వాతే. అలాంటి కాలవ దొరికితే, లివర్ తట్టుకోగల కొందరిలో దాన్ని లోపలి నుంచి పూడ్చే పద్ధతి ఉంది. పూడిస్తే లివర్ వైపు ఒత్తిడి పెరిగి అన్నవాహిక సిరలు మళ్లీ ఉబ్బే ప్రమాదం ఉంది కాబట్టి అందరికీ చేయరు. వచ్చేసారి వెళ్లినప్పుడు లివర్ డాక్టరుగారిని ఈ మాట అడగండి. ఎంఆర్‌ఐ రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా సీడీ కూడా పట్టుకెళ్లండి.

ఈలోగా నాన్నగారి సోడియం, పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకెలు, రోజుకు ఎన్నిసార్లు విరేచనం అవుతోందో, నిద్రమాత్ర ఏదైనా వేశారో రాయండి. స్కాన్ కంటే నాకు అవే ఎక్కువ చెబుతాయి.